తొంభై రోజుల గ్యారంటీ

గత వారం వాసంతిని మనం యూనియన్ స్టేషన్‌లో, ఓక్‌విల్ వైపు వెళ్ళే రైలు ఎక్కుతుండగా వదిలిపెట్టాం. కెనడాలో, మార్కమ్‌లోని ఒక చిన్న రిక్రూటింగ్ ఏజెన్సీలో ఆమె తొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. కంపెనీలకు మనుషుల్ని వెతికిపెట్టడం ఆమె పని. పెట్టిన మనిషి తొంభై రోజులు నిలిస్తేనే ఆమెకు కమిషన్. సోమవారం సాయంత్రం కేశవరావు గారి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: ‘మేడమ్, ఈ శుక్రవారం నా ఆఖరి రోజు. క్షమించండి.’ మంగళవారానికి ఆయన ఉద్యోగంలో చేరి డెబ్భై తొమ్మిదో రోజు. ఏజెన్సీ యజమాని రామమోహనరావు లాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే, “ఆ పదకొండు రోజులూ ఎలాగోలా లాగించమని చెప్పు. ఫోన్లో కాదు, ఇంటికెళ్ళి కూర్చో,” అన్నాడు.

అలా వచ్చింది వాసంతి.

స్టేషన్ బయట బస్సు కోసం ఇరవై నిమిషాలు నిలబడింది. మార్చి నెల. మంచు కరిగీ కరగనట్టు రోడ్డు పక్కన నల్లగా కుప్పలు పడి ఉంది. బస్సు దిగి, ఒకేలా ఉన్న ఇళ్ళ వరుసలో నెంబరు వెతుక్కుంటూ నడిచేసరికి బూట్లలోకి చెమ్మ దిగింది. ఇంటికి ముందువైపు తలుపు కాదు, పక్క సందులో ఉన్న తలుపు కొట్టాలని కేశవరావు మెసేజ్‌లో రాశాడు. బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాళ్ళందరి చిరునామా అంతే.

తలుపు తీసింది ఆయన భార్య కనకదుర్గ. యాభై దాటిన మనిషి. బేకరీలో రొట్టెలు ప్యాక్ చేసే పని చేసి అప్పుడే వచ్చినట్టుంది, జుట్టుకి ఇంకా వలటోపీ ఉంది.

“రండమ్మా. మెట్లు చూసుకుని దిగండి, మూడోది ఊగుతాది,” అంది.

కింద ఒకే గది. చిన్న కిటికీలోంచి పైన నడిచేవాళ్ళ కాళ్ళు కనిపిస్తున్నాయి. కేశవరావు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఇంట్లో ఉండి కూడా ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. యాభై నాలుగేళ్ళు ఆయనకి. విశాఖలో ఒక వర్క్‌షాపు ఇన్‌స్పెక్షన్ విభాగంలో ఇరవై ఎనిమిదేళ్ళు చేసి, నాలుగేళ్ళ క్రితం ఇక్కడికొచ్చాడు. మూడేళ్ళు సెక్యూరిటీ గార్డుగా రాత్రి డ్యూటీలు చేశాక, బస్సులకు బ్రేక్ భాగాలు తయారుచేసే ఒక కంపెనీలో నాణ్యత చూసే ఈ క్వాలిటీ ఉద్యోగం వాసంతే వేయించింది. ఆఫర్ వచ్చిన రోజు ఆయన ఫోన్లో మాట్లాడలేకపోయాడు. “ఉండమ్మా,” అని ఫోన్ పక్కన పెట్టి, రెండు నిమిషాల తర్వాత తీశాడు. ఆ రెండు నిమిషాలూ వాసంతి లైన్లోనే ఉంది.

“ఇవాళ సెలవు పెట్టారా అండీ?” అని అడిగింది.

“ఒంట్లో బాగోవడం లేదమ్మా. అందుకే ఉద్యోగం కూడా… ఇంక చెయ్యలేననిపించింది.”

ఆ మాట ఆయన ఆమె ముఖం చూడకుండా అన్నాడు. వాసంతి కోటు విప్పి మోకాళ్ళ మీద పెట్టుకుని, ఇలాంటప్పుడు చెప్పే మాటలు చెప్పడం మొదలుపెట్టింది. కొత్త చోట మొదటి మూడు నెలలు ఎవరికైనా కష్టమేనంది. మూడు నెలలు నిండకుండా మానేస్తే రెజ్యుమే చూసిన ప్రతివాడూ ఎందుకని అడుగుతాడంది. కెనడాలో క్వాలిటీ ఉద్యోగం చేశానని చెప్పుకోవాలంటే ఇంకో పదకొండు రోజులు ఓపిక పడితే చాలంది. ఈ మాటలు వందమందికి చెప్పి ఉంటుంది. నోరు దానంతటది చెప్పుకుపోతోంది. ఆమె మనసు మాత్రం తడిసిన మేజోళ్ళ మీద ఉంది.

కనకదుర్గ టీ గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టింది. కూర్చోలేదు. వలటోపీ తీసి చేతిలో నలుపుతూ నిలబడింది.

“ఒక మాట అడుగుతానమ్మా, ఏమీ అనుకోకండి. మా ఆయన్ని ఆ కంపెనీలో పెట్టినందుకు మీకెంత వచ్చింది?”

“దుర్గా!” అన్నాడు కేశవరావు.

“తప్పేటండి? పదకొండు రోజులని లెక్క కట్టుకుని మరీ వచ్చారు. ఎందుకో తెలుసుకోవద్దా?”

తొమ్మిదేళ్ళలో ఏ క్యాండిడేటూ ఆ ప్రశ్న ముఖం మీద అడగలేదు. వెనక అనుకుంటారని వాసంతికి తెలుసు. మన మీద వేలకు వేలు తింటారని తెలుగు సంఘాల పార్టీల్లో చెప్పుకోవడం ఆమే విన్నది. అడిగితే చెప్పకూడదని ఏజెన్సీలో నియమం. కానీ ఆ రోజు ఆ నియమాన్ని మోసే ఓపిక కూడా లేకపోయింది.

“మీ ఆయన జీతం ఏడాదికి డెబ్భై ఎనిమిది వేల డాలర్లు. అందులో పద్ధెనిమిది శాతం కంపెనీ మా ఏజెన్సీకి ఇస్తుందండీ. పద్నాలుగు వేలు.”

కనకదుర్గ కళ్ళు పెద్దవయ్యాయి. “పద్నాలుగు వేలా!”

“అది ఏజెన్సీకి. దాంట్లో నా వాటా ముప్పై శాతం, నాలుగు వేల రెండొందలు. అదీ చేతికి రాదు. నెలనెలా నాకిచ్చే మూడు వేలు జీతం కాదండీ, అడ్వాన్సు. మూడు నెలలకి తొమ్మిది వేలు. నా వాటాల్లోంచి ముందు ఆ తొమ్మిది వేలూ తీరాలి, ఆ పైన మిగిలిందే కమిషన్. ఈ మూడు నెలల్లో ముగ్గుర్ని పెట్టాను. కేశవరావు గారు మూడో మనిషి. అన్నీ పోగా నాకు మిగిలేది పదకొండు వందల ఎనభై. టాక్స్ పోతే ఎనిమిది వందల చిల్లర.”

పైన కిటికీలో ఎవరో పిల్లవాడు బూట్లతో మంచుని తన్నుకుంటూ పోయాడు.

“ఎనిమిది వందల కోసమా ఇంత దూరం వచ్చీసారు?” అంది కనకదుర్గ. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. అందుకే వాసంతికి అది ఎక్కువ తగిలింది.

ఆ ఎనిమిది వందలే అయితే రాకపోయేదేమో. కేశవరావు మానేస్తే, ఆ కుర్చీలోకి వెంటనే ఇంకో మనిషిని ఇవ్వలేకపోతే, కంపెనీ పద్నాలుగు వేలూ వెనక్కి అడుగుతుంది. ఆమె వాటా పోతుంది, అడ్వాన్సులో మూడు వేల పైచిలుకు తీరకుండా మిగిలిపోతుంది. అంతకుముందు మూడు నెలలూ అలాగే మిగిలింది. వరసగా రెండుసార్లు అలా అయితే కుర్చీ ఖాళీ చేయాలి. కుర్రాళ్ళు ఖాళీ చేసి ఇంకో ఏజెన్సీకి పోతారు. నలభై ఆరేళ్ళ మనిషి ఎక్కడికి పోతుంది? తొమ్మిదేళ్ళ క్రితం రామమోహనరావు ఆమెకి ఉద్యోగమిస్తూ, మొదటి ఏడాదే తొంభై వేలు చూస్తావన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. కంపెనీలు ఎగబడి మనుషుల్ని తీసుకున్న ఒక ఏడాది ఆమె నిజంగానే తొంభై నాలుగు వేలు సంపాదించింది. ఆ ఒక్క ఏడాదిని పట్టుకుని మిగతా ఎనిమిదేళ్ళు ఈదింది. కొత్తగా చేరేవాళ్ళకి ఇప్పటికీ ఆ ఏడాది అంకెనే చూపిస్తారు. పోయిన ఏడాది ముప్పై ఎనిమిది వేలు వచ్చాయని ఎవరూ చెప్పరు. ఆమె కూడా చెప్పదు.

ఇదంతా పైకి అనలేదు. కానీ కేశవరావు జీవితమంతా వస్తువుల్లో పగుళ్ళు వెతికిన మనిషి. ఆమె ముఖంలో ఏం చూశాడో, గొంతు సవరించుకున్నాడు.

“మూడేళ్ళు గేటు దగ్గర నిలబడ్డవాణ్ణి మీరు లోపల కూర్చోబెట్టారు. నా వల్ల మీకు మాట రాకూడదు. పదకొండు రోజులేగా. ఉంటానమ్మా.”

వాసంతి వచ్చింది ఆ మాట కోసమే. మాట దొరికింది. ఇక టీ తాగి, కోటు వేసుకుని, రైల్లో కునుకు తీయవచ్చు. ఒంట్లో బాగోలేని పెద్దమనిషి తన మీద జాలిపడి ఒప్పుకున్నాడన్న సిగ్గు కలిగింది. కానీ సిగ్గు కంటే ముందు, చల్లటి గాలిలోంచి ఇంట్లోకి అడుగుపెట్టినట్టు, ఒళ్ళంతా తేలికపడింది. ఆమె టీ గ్లాసు అందుకుంది.

“ఉండరు,” అంది కనకదుర్గ.

“దుర్గా, నువ్వు ఊరుకో.”

“ఊరుకోను. మీ ఒంటికేటి జబ్బు? దుక్కలా ఉన్నారు. మూడు రాత్రులైంది ఈయన పడుకుని. ఆ మాట ఈవిడికి చెప్పడానికి మొహమాటం. తెచ్చిపెట్టిన మనిషి బాధపడతాదని!” ఆమె అలమరా మీద ఉన్న భర్త ఫోన్ తీసి ఆయన చేతిలో పెట్టింది. “చూపించండి. లేకపోతే నేను చూపిస్తాను.”

కేశవరావు ఫోన్ వైపు, భార్య వైపు చూసి, నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు. బస్సు బ్రేక్ పెడల్ కింద ఉండే ఇనుప పట్టీలు అక్కడ తయారవుతాయి. ప్రతి పట్టీనీ కొలిచి, కొలత రాసి, ఆఖరున ఇన్‌స్పెక్టర్ సంతకం చేయాలి. ఒక్కోదానికి నాలుగు నిమిషాలు. కానీ కొలిచే యంత్రం పాడై నెలలైంది. కొత్తది కొనలేదు. కొలతలు సూపర్‌వైజరే నింపి తెస్తాడు, ఈయన సంతకం పెట్టాలి.

“రెండు నెలలు నా సొంత పరికరంతో కొన్నైనా కొలిచి, కొలిచినవాటికే పెట్టాను. పోయిన వారం పెద్ద ఆర్డరొచ్చింది. ఈ శుక్రవారం లోపు వెయ్యి పట్టీలు పోవాలన్నారు. ముట్టుకోనైనా ముట్టుకోని వెయ్యి ముక్కలకి సంతకమమ్మా. నా వల్ల కాదన్నాను. అప్పుడు సూపర్‌వైజర్, నా ముందున్నతను సంతకం చేసిన కాగితాలు తెచ్చి చూపించాడు. ‘ఇతను పెట్టాడు, నీకేం పోయింది?’ అన్నాడు. ఫోటో తీసుకున్నాను.”

ఆయన తెర మీద కాగితాన్ని పెద్దది చేసి ఆమె వైపు తిప్పాడు. పైన ‘ఫైనల్ ఇన్‌స్పెక్షన్ రిపోర్ట్’ అని, కింద గళ్ళ నిండా అంకెలు. నలభై ముక్కలు, మొత్తం పదిహేను నిమిషాల్లో కొలిచినట్టు టైము వేసి ఉంది. కింద సంతకం. ‘వి’ అక్షరం పెద్దగా రాసి, తోకని పేరు కిందుగా చివరిదాకా లాగిన సంతకం.

ఆ సంతకం వాసంతికి తెలుసు. పోయిన ఏడాది ఆగస్టులో ఆఫర్ లెటర్ మీద ఆ సంతకం ఆమె ఎదుటే పడింది. వికాస్. నెల్లూరు కుర్రాడు. అదే కంపెనీలో, అదే కుర్చీలో ఆమె కూర్చోబెట్టిన మనిషి. తొంభై నాలుగో రోజున మానేశాడు. గ్యారంటీ దాటిన నాలుగో రోజు కాబట్టి ఆమె కమిషన్ ఆమెకు వచ్చింది. ఎందుకు మానేశాడని ఆమె అడగలేదు.

“తేదీ ఎప్పటిది?” అంది.

“నవంబరు పది నుంచి రెండు వారాలు. అంతకుముందువి సరిగ్గానే ఉన్నాయి. ఆ రెండు వారాల్లోనే ఇలా.”

నవంబరు తొమ్మిది ఆదివారం. ఆ రోజు మార్కమ్‌లో సరుకుల దుకాణం పార్కింగ్‌లో ఉండగా వికాస్ ఫోన్ చేశాడు. ఆ ఏడాది మొదటి మంచు ఆ రోజే పడింది. “అక్కా, నేనిక్కడ ఉండలేను, రేపే మానేస్తాను,” అన్నాడు. ఆమె చేతిలో పాల డబ్బాలున్నాయి. ఎందుకని అడిగితే ఆ మాట పొడుగవుతుందని అడగలేదు. “ఇంకో పదిరోజులు ఓపిక పట్టు నాన్నా. నాకోసం,” అంది. “సరే అక్కా,” అన్నాడు. పది రోజులంటే పద్నాలుగు రోజులు పట్టాడు. బంగారం లాంటి కుర్రాడని ఆఫీసులో అందరికీ చెప్పింది కూడా. ఆ కమిషన్‌తో ఎన్నాళ్ళుగానో వాయిదా వేస్తున్న దవడ పంటికి క్రౌన్ తొడుగు వేయించుకుంది.

ఇప్పుడు నాలుక దానంతటదే ఆ పంటిని తడిమింది. నున్నగా, చల్లగా తగిలింది.

“మీకు తెలిసిన అబ్బాయా?” అని అడిగాడు కేశవరావు.

“నేనే పెట్టానండీ. పది రోజులు ఉండమని బతిమాలింది కూడా నేనే.”

కనకదుర్గ అప్పుడు వచ్చి ఎదురుగా కూర్చుంది. ఇందాకటి మాటలకు నొచ్చుకున్నట్టు, “మీకేటి తెలుసమ్మా పాపం,” అంది.

“తెలుసుకోలేదండీ. తెలియకపోవడం వేరు.”

వాసంతి టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. చాలాకాలంగా మోస్తున్న సంచీని కింద దించితే భుజం తిమ్మిరెక్కినట్టు ఉందంతే.

“కేశవరావు గారూ, మీరు పదకొండు రోజులు ఉండొద్దు. శుక్రవారం దాకా కూడా ఉండొద్దు. ఇవాళే మెయిల్ పెట్టండి. ఒంట్లో బాగోలేదని రాయకండి. ఏ కాగితాల మీద సంతకం చేయమన్నారో, ఎందుకు చేయనన్నారో తేదీలతో సహా రాయండి. నాకూ ఒక కాపీ పంపండి.”

“మరి మీకు?”

“నా సంగతి నేను చూసుకుంటాను.”

“అలా అంటే ఎలాగమ్మా? మూడు వేలు మీద పడుతుందంటిరి…”

“నేనా మాట అనలేదే!”

“మీరు చెప్పిన లెక్కలో నా మీద వచ్చే వాటా తీసేసి చూశాను. కుర్చీలో ఆ చివర కూర్చున్నారు వచ్చినప్పట్నుంచీ,” అన్నాడాయన. “ఎనిమిది వందలకి ఎవరూ అలా కూర్చోరు.”

ఆమె నవ్వబోయింది. కనకదుర్గ ఈలోగా మూలనున్న పెట్టెలోంచి పొడి మేజోళ్ళ జత ఒకటి తెచ్చి ఆమె ఒళ్ళో పడేసింది. వాసంతి అభ్యంతరం చెప్పలేదు. ఆ గదిలో, ఆ ఇద్దరి ముందూ తడి మేజోళ్ళు విప్పి అవి తొడుక్కుంది.

*

బస్ స్టాప్‌లో గాజు గోడల మధ్య నిలబడి రామమోహనరావుకి ఫోన్ చేసింది. సాయంత్రం అయిదు కావస్తోంది. కార్లు బారులు తీరి మెల్లగా కదులుతున్నాయి.

“ఒప్పుకున్నాడా?” అన్నాడాయన.

“ఒప్పుకున్నారు. నేనే వద్దన్నాను.”

ఆమె జరిగింది మొదటినుంచీ చెప్పింది. యంత్రం సంగతి, వెయ్యి ముక్కల సంగతి, వికాస్ సంతకాల సంగతి. ఆయన మధ్యలో అడ్డుపడలేదు. అంతా విని, నిట్టూర్చి, “వాసంతీ, ఏడాదికి నలుగురైదుగుర్ని తీసుకునే కంపెనీ అది. అలాంటివి నాకు మూడే మిగిలాయి,” అన్నాడు.

“ఒకే కుర్చీకి ఏడాదికి నలుగురైదుగురు ఎందుకు కావాల్సివస్తోందో ఎప్పుడైనా అడిగారా మీరు?”

“నువ్వు అడిగావా?”

ఒక బస్సు వచ్చి ఆగింది. తనది కాదు. తలుపు తెరుచుకుని మూసుకుంది.

“చూడు,” అన్నాడు రామమోహనరావు, ఈసారి మెత్తగా. “నీ మీద నాకు కోపం లేదు. ఆయన పోతే పోనీ. గ్యారంటీ ప్రకారం పైసా తీసుకోకుండా వేరే మనిషినివ్వాలి, అంతేగా? ఇచ్చేశాం. ఫీజు వెనక్కి ఇవ్వక్కర్లేదు. నీ వాటా నీకే ఉంటుంది.”

“ఇచ్చేశామంటే?”

“నిన్న ఆయన మెసేజ్ రాగానే నీ లిస్టులోంచి ఒక రెజ్యుమే పంపాను. పొద్దున ఫోన్లో ఇంటర్వ్యూ అయింది, మధ్యాహ్నానికి ఆఫర్ ఇచ్చేశారు. నీ పేరు మీదే వేశాను. నువ్వు ఆయన్ని ఆపగలిగితే మంచిదే, లేకపోయినా నష్టం రాకూడదని.”

“ఎవర్ని పంపారు?”

“ఆ వాటర్లూ పిల్లని. చరితని.”

వాసంతి గాజు గోడకి చేయి ఆనించింది. చరితది వరంగల్. వాటర్లూలో రెండేళ్ళు చదివి, ఏడాదిగా ఒక గోదాములో పెట్టెలు సర్దుతోంది. చదివినదానికి తగిన ఉద్యోగం దొరికితే తప్ప ఇక్కడ స్థిరపడే దారి లేదు, వర్క్ పర్మిట్ గడువు ఇంకో ఎనిమిది నెలలే. రెండు వారాలకోసారి ఫోన్ చేసి, “ఏమన్నా ఉన్నదా ఆంటీ?” అని అడిగి, లేదంటే, “పర్వాలేదు ఆంటీ, మీరు తిన్నరా?” అంటుంది. పెద్దమనిషి కేశవరావు కాదనగలిగిన కాగితాన్ని ఆ పిల్లకి కాదనే వీల్లేదు. కంపెనీకి కావలసింది సరిగ్గా అలాంటి మనిషే.

రామమోహనరావు ఇంకా ఏదో చెబుతున్నాడు. ఆమె ఫోన్ పెట్టేసి చరితకి చేసింది. మొదటి రింగుకే ఎత్తింది.

“ఆంటీ! నేనే చేద్దామనుకుంటున్న. రామ్ సార్ చెప్పిండు, మీరే నా పేరు పంపిండ్రంట. అమ్మకి చెప్తే ఏడ్చింది ఆంటీ. సోమవారమే జాయినింగ్. ఆఫర్ రాంగనే గోదాముల రాజీనామా ఇచ్చిన.”

“చరితా, నా మాట విను. నువ్వింకా ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు కదా?”

“ఆఫర్ లెటర్ మీద పెట్టిన ఆంటీ.”

“అది సరే. ఇంకేమైనా?”

“జాయినింగ్ ఫారాలని మెయిల్‌ల పంపిండ్రు. కంప్యూటర్ల సంతకం పెట్టి గంట లోపట్నే పంపియ్యమన్నరు. పెట్టి పంపిన.”

“ఎన్ని?”

“నలభై పైననే ఉంటయి. అన్నీ ఒక్కతీరుగనే ఉన్నయి, ఖాళీ గళ్ళు. నాకు సమజ్ కాలే, గని మొదటిరోజే ఎందుకు అడుగుడని అడగలేదు. ఏమైందాంటీ?”

వాసంతి కళ్ళు మూసుకుంది.

“ఆ ఫారం మీద పైన ఏం రాసుందో చదువు తల్లీ.”

అవతల కీబోర్డు చప్పుడు. తర్వాత చరిత గొంతు, పాఠం అప్పజెబుతున్నట్టు, ఒక్కో మాటా విడదీసి చదివింది. “ఫైనల్… ఇన్‌స్పెక్షన్… రిపోర్ట్.”

“తేదీ గడిలో ఏముంది?”

“ఏం లేదాంటీ, ఖాళీనే. అది వాళ్ళే నింపుకుంటరంట.”